ఒంటారియోలో రెండేళ్ల సాఫ్ట్‌వేర్ డిప్లొమా: కట్టిన ఫీజుకు దక్కిన చదువు

కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్‌లో 24 ప్రభుత్వ కళాశాలలు ఉన్నాయి. టొరంటో పరిసరాల్లోని అటువంటి కళాశాల ఒకదానిలో నేను 2023 సెప్టెంబరు నుంచి 2025 ఏప్రిల్ వరకు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ డిప్లొమా చదివాను. అంతకుముందు హైదరాబాద్‌లో ఈసీఈ శాఖలో బీటెక్ పూర్తి చేశాను. ఇదే కోర్సులో చేరాలనుకుంటున్న పిల్లలూ వారి తల్లిదండ్రులూ ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: ‘అంత డబ్బు పోసి అక్కడ చదవడం దండగ కాదు కదా?’ రెండు ముక్కల్లో తేల్చిచెప్పగలిగిన విషయం కాదు కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను. తరగతి గదిలోనూ ల్యాబ్‌లోనూ నాకు దక్కిన చదువు నేను ఆశించినదానికంటే ఎంతో మెరుగైనది. ఆ చదువు చుట్టూ కళాశాల అందించవలసిన సేవలు, ముఖ్యంగా కో-ఆప్ (చదువు మధ్యలో జీతంతో కూడిన ఉద్యోగానుభవం) ఏర్పాటు, అంతర్జాతీయ విద్యార్థి కట్టే ఫీజుకు ఏమాత్రం తగినట్టుగా లేవు.

ఇది ఏ స్థాయి చదువో ముందుగా తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే మన దగ్గర కొన్ని కన్సల్టెన్సీలు ఈ తేడాను విప్పి చెప్పకుండానే దరఖాస్తు నింపేస్తున్నాయి. ఒంటారియో కళాశాలల్లో ఏడాది చదువుకు సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఇస్తారు. ఇప్పటికే డిగ్రీ ఉన్నవారి కోసం గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ పేరుతో విడిగా కోర్సులు ఉంటాయి, వాటిలో చాలా వాటి గడువు ఏడాదే. వీటిలో ఏదీ ఎంఎస్‌కు సమానం కాదు. డిప్లొమా అనేది ఇంటర్ పూర్తయినవారు చేరే చదువు. బీటెక్ చదివి ఇందులో చేరడమంటే ఒక మెట్టు దిగి, పునాది మళ్లీ వేసుకోవడమే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఒప్పుకుని చేరితే తర్వాత మనస్తాపం ఉండదు. నా మటుకు నాకు ఆ మెట్టు దిగడం మేలే చేసింది. మా తరగతిలో స్కూలు చదువు ముగించుకుని నేరుగా వచ్చిన 18 ఏళ్ల స్థానిక పిల్లలతోపాటు, ట్రక్కు నడపడం మాని వృత్తి మార్చుకుంటున్న నడివయసువారూ, పంజాబ్, గుజరాత్, కేరళ, ఫిలిప్పీన్స్, నైజీరియాల నుంచి వచ్చినవారూ కూర్చునేవారు. మార్కుల కోసం కాక బతుకుతెరువు కోసం పని నేర్చుకోవాలని వచ్చినవారి పక్కన కూర్చుంటే మన శ్రద్ధ కూడా పెరుగుతుంది.

సెమిస్టర్ 14 వారాలు. మొదటి సెమిస్టర్‌లో సీ భాష, లైనక్స్, వెబ్ పేజీల రూపకల్పన, గణితం, ఇంగ్లిష్ రచన ఉంటాయి. రెండోదానిలో సీ ప్లస్ ప్లస్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష), జావాస్క్రిప్ట్. మూడోదానిలో జావా, డేటా స్ట్రక్చర్లు, సిస్టమ్స్ అనాలిసిస్. చివరిదానిలో రియాక్ట్, నోడ్, క్లౌడ్, వాటితోపాటు క్యాప్‌స్టోన్, అంటే నేర్చినదంతా ఉపయోగించి జట్టుగా చేసే చివరి ప్రాజెక్టు. కాగితం మీద చూస్తే మన బీటెక్ సిలబస్ ఇంతకంటే బరువుగానే కనిపిస్తుంది. తేడా అంతా చదివించే పద్ధతిలో ఉంది. మన దగ్గర ల్యాబ్ అంటే సెమిస్టర్ చివర ఒకేసారి నింపే రికార్డు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు చెప్పే పది నిమిషాల వైవా. ఇక్కడ ప్రతి సబ్జెక్టులోనూ వారం వారం ల్యాబ్ ఉంటుంది, ప్రతి ల్యాబ్‌కూ మార్కులుంటాయి, ఆ మార్కులు తుది ఫలితంలో కలుస్తాయి. ఆలస్యంగా ఇస్తే రోజుకు పది శాతం కోత. ఒక్క వారం అశ్రద్ధ చేస్తే మరుసటి వారం ల్యాబ్ అర్థం కాదు, ఎందుకంటే రెండో ల్యాబ్ మొదటిదాని మీద, మూడోది రెండోదాని మీద కట్టి ఉంటాయి. చదువు వంటబట్టడమంటే ఏమిటో నాకు తెలిసింది ఈ క్రమశిక్షణ వల్లనే.

మొదటి సెమిస్టర్‌లో జరిగిన ఒక ల్యాబ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. విద్యార్థి పేరు, ఐడీ నంబరు దాచుకునే చిన్న సీ ప్రోగ్రామ్ రాయమన్నారు. ఈ రెండు వివరాలనూ మెమరీలో ఒకచోట ఉంచే స్ట్రక్చర్‌లో పేరు కోసం పది అక్షరాలు పట్టే అరే (వరుస గళ్లు), దాని కింద ఐడీ కోసం ఒక ఇంటీజర్ (పూర్ణాంకం). ప్రోగ్రామ్ ముందు ఐడీ అడిగి, తర్వాత పేరు అడుగుతుంది. ఇంగ్లిష్ పేర్లతో అందరికీ సవ్యంగానే పనిచేసింది. మా పక్క బల్ల మీద ఉన్న గుంటూరు అబ్బాయి ఐడీ 100 అని ఇచ్చి, పేరు దగ్గర తన తండ్రి పేరు వెంకటేశ్వర్లు అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేశాడు. పేరు చక్కగానే అచ్చయింది, ఐడీ మాత్రం 117 అని వచ్చింది. ఎన్నిసార్లు నడిపినా అదే 117. ప్రొఫెసర్ వచ్చి చూసి జవాబు చెప్పలేదు. విజువల్ స్టూడియోలో డీబగ్గర్ తెరిచి, ఒక్కొక్క వరుసా నడిపిస్తూ, మెమరీ కిటికీలో ఆ బైట్లు చూడమని తరగతి మొత్తాన్ని ఆ తెర దగ్గరకు పిలిచాడు. ఆ పేరు ఇంగ్లిష్‌లో 13 అక్షరాలు, చివర పేరు ముగిసిందని తెలిపే నల్ క్యారెక్టర్‌తో కలిపి 14 బైట్లు. పది బైట్ల అరే నిండిపోయింది, ఆ తర్వాత కంపైలర్ ఖాళీగా వదిలిన రెండు బైట్లూ నిండాయి, పదమూడో అక్షరమైన యూ నేరుగా వెళ్లి ఐడీ మొదటి బైటు మీద కూర్చుంది. అక్షరాలకు అంకెలు కేటాయించే ఆస్కీ పట్టికలో చిన్న యూ విలువ 117. ఇలా కేటాయించిన చోటు దాటి డేటా పొర్లిపోవడాన్ని చెప్పే బఫర్ ఓవర్‌ఫ్లో అనే మాటను నేను బీటెక్‌లో చదివి, పరీక్షలో నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకున్నాను. అది జరుగుతుంటే కళ్లారా చూసింది మాత్రం ఆ రోజే. ఒక వరుసలో దాన్ని సరిచేయడం, అంటే చదవవలసిన అక్షరాలకు పరిమితి పెట్టడం, ఆ తర్వాత ఐదు నిమిషాల పని. తెలుగు పేర్ల పొడవు వల్ల బయటపడిన ఆ లోపాన్ని ఆ ప్రొఫెసర్ మిగతా సెక్షన్లలో కూడా ఉదాహరణగా చూపించాడని తర్వాత తెలిసింది.

పాఠాలు చెప్పేవారిలో చాలామంది పరిశ్రమలో ఏళ్ల తరబడి పనిచేసినవారు, కొందరు పగలు ఉద్యోగం చేస్తూ సాయంత్రం పాఠం చెప్పేవారు. కోడ్ చదవడంలో, తప్పు పట్టుకోవడంలో, పేర్లు అర్థవంతంగా పెట్టించడంలో వారికున్న పట్టుదల ఈ కోర్సుకు అసలైన బలం. అందరూ అలాంటివారు కారు. గణితం చెప్పిన తీరు మొక్కుబడిగా ఉంది, సిస్టమ్స్ అనాలిసిస్‌లో పాత స్లైడ్లు చదివి వినిపించడమే జరిగింది. అయినా సీ, సీ ప్లస్ ప్లస్, డేటాబేస్ ఈ మూడూ నేర్పిన తీరును నేను ఏ వేదిక మీదనైనా మెచ్చుకుంటాను.

కాపీ విషయంలో ఇక్కడ పట్టింపు చాలా ఎక్కువ, మన పిల్లలు ముందే తెలుసుకుని రావలసినది ఇది. స్నేహితుడి ల్యాబ్ చూసి రాయడం మన కళాశాలల్లో సాయంగానే చెల్లుతుంది. ఇక్కడ ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ ఇద్దరికీ సున్నా వేసి, ఆ సంగతి రికార్డులో నమోదు చేస్తారు. చరరాశుల పేర్లు మార్చినా ప్రోగ్రామ్ నిర్మాణంలోని పోలికను పట్టుకునే సాధనాలు ఉన్నాయి. 2022 నవంబరు చివర చాట్‌జీపీటీ వచ్చాక ఈ సాధనాలు ఒక్కటే చాలవని అధ్యాపకులకు అర్థమైంది. మా కళాశాలలో కొందరు ప్రొఫెసర్లు ప్రతి పెద్ద అసైన్‌మెంట్ తర్వాత విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఈ లూప్ ఎందుకు రాశావు, ఈ షరతు తీసేస్తే ఏమవుతుంది, ఇక్కడ ఒక కొత్త ఫీల్డ్ కలుపు చూద్దాం’ అని అడిగి మార్కులు వేయడం మొదలుపెట్టారు. ఆ పది నిమిషాల ముఖాముఖి నాకు ఎంతో విలువైనదిగా అనిపించింది. తర్వాత ఉద్యోగ ఇంటర్వ్యూలలో నన్ను అడిగిన ప్రశ్నలు అచ్చం ఇలాంటివే. విచారకరమైన సంగతి ఏమిటంటే, సెక్షన్‌లో 40 మంది ఉన్నప్పుడు ఇలా ప్రతి ఒక్కరితో కూర్చోవడం ఓపిక ఉన్న అధ్యాపకుడికే సాధ్యం. ఎక్కువమంది అది చేయలేదు, చేయనివారి తరగతుల్లో యంత్రం రాసిన కోడ్‌తో గట్టెక్కినవారు కూడా ఉన్నారు.

ఇంగ్లిష్ రచన కోర్సును చాలామంది భారతీయ విద్యార్థులు దండగగా భావిస్తారు. నేను అలా భావించను. ప్రాజెక్టు ఎందుకు ఆలస్యమైందో పై అధికారికి నాలుగు వాక్యాల్లో చెప్పడం, బగ్ నివేదికలో ఏం చేస్తే ఆ లోపం మళ్లీ వస్తుందో దశలవారీగా రాయడం, క్షమాపణలూ గౌరవ వచనాలూ పేర్చకుండా నేరుగా సహాయం అడగడం అక్కడే నేర్చుకున్నాను.

చివరి సెమిస్టర్‌లోని క్యాప్‌స్టోన్‌లో ఐదుగురం కలిసి ఒక స్థానిక స్వచ్ఛంద సంస్థకు వాలంటీర్ల షిఫ్టులు నమోదు చేసుకునే వెబ్ అప్లికేషన్ తయారు చేశాం. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చినది మార్కులు వేసిన పద్ధతి. జట్టుకంతటికీ ఒకే మార్కు వేసి చేతులు దులుపుకోకుండా, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో ఎవరి కమిట్లు (చేర్చిన మార్పులు) ఏమిటి, ఎవరి కోడ్‌ను ఎవరు సమీక్షించారు, సమీక్షలో వచ్చిన అభ్యంతరానికి ఏం జవాబిచ్చారు అన్నది చూసి విడివిడిగా మార్కులు వేశారు. రెండు వారాలకు ఒకసారి ఆ సంస్థ ప్రతినిధి ముందు ప్రదర్శన ఉండేది. ఒకే షిఫ్టుకు ఇద్దరు ఒకే క్షణంలో నమోదు చేసుకుంటే ఏం జరుగుతుందని ఆమె అడిగిన రోజున ఇలాంటి మార్పులు ఒకదానితో ఒకటి ఢీకొనకుండా చూసే డేటాబేస్ ట్రాన్సాక్షన్ అవసరం మాకు పుస్తకంతో పనిలేకుండా అర్థమైంది. ప్రస్తుతం ఒక చిన్న సంస్థలో జూనియర్ డెవలపర్‌గా చేస్తున్నాను, ఆ ఇంటర్వ్యూలో సగం సమయం ఈ ప్రాజెక్టు గురించే గడిచింది.

ఇక లోపాల విషయానికి వస్తే, సైద్ధాంతిక పునాది పలచన. డేటా స్ట్రక్చర్లకు ఒక్క సెమిస్టరే కేటాయించారు. ట్రీలు, హ్యాష్ టేబుళ్ల దగ్గరే గడువు ముగిసింది, గ్రాఫ్‌లను పైపైన తాకి వదిలేశారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేరుతో లైనక్స్ ఆదేశాలు నేర్పారే తప్ప ప్రాసెస్ షెడ్యూలింగ్, మెమరీ నిర్వహణ వంటివి లోతుగా చెప్పలేదు. పెద్ద కంపెనీల రాత పరీక్షలకు కావలసినది అంతా సొంతంగా చదువుకోవలసిందే. కంప్యూటర్ సైన్స్ శాఖలో బీటెక్ శ్రద్ధగా చదివినవారికి మొదటి ఏడాదిలో సగం పునశ్చరణే అవుతుంది. అటువంటివారు మునుపటి సిలబస్ ప్రతులు సమర్పించి కొన్ని సబ్జెక్టులకు మినహాయింపు కోరవచ్చు, కానీ గడువు సెమిస్టర్ మొదట్లోనే ముగుస్తుంది. విశ్వవిద్యాలయం నుంచి ముద్ర వేయించిన సిలబస్ ప్రతులను బయలుదేరేముందే తెచ్చుకోవాలి. ఇందులో ఇంకొక చిక్కు కూడా ఉంది. చదువు తర్వాత వర్క్ పర్మిట్ కావాలంటే చివరి సెమిస్టర్ మినహా ప్రతి సెమిస్టర్‌లోనూ ఫుల్‌టైమ్ విద్యార్థిగా ఉండితీరాలి. మినహాయింపులు ఎక్కువై సబ్జెక్టుల భారం ఆ హద్దు కంటే తగ్గితే అసలుకే మోసం వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నిరాశ కలిగించినది కో-ఆప్. చదువు మధ్యలో ఒక సెమిస్టర్ పాటు జీతంతో కూడిన ఉద్యోగానుభవం అని ప్రచార పత్రాల్లో మొదటి పేజీలోనే ఉంటుంది, మన దగ్గర దీన్ని ఉద్యోగం వచ్చేసినట్టే చెబుతారు. వాస్తవంలో కళాశాల ఉద్యోగం చూపించదు. సగటు గ్రేడు నిర్దేశిత స్థాయిలో ఉంటే కో-ఆప్ విభాగంలో చోటు ఇస్తారు, అందుకు విడిగా ఫీజు తీసుకుంటారు, రెజ్యూమె రాయడం మీద ఒక కోర్సు నడిపిస్తారు, ఒక పోర్టల్ చూపిస్తారు. ఆపైన వెతుక్కోవలసినది విద్యార్థే. అదే ఉద్యోగాలకు 1957లో కో-ఆప్‌తోనే మొదలైన వాటర్లూ విశ్వవిద్యాలయం విద్యార్థులు కూడా పోటీ పడతారు. వారు డిగ్రీ ముగిసేలోగా పలుమార్లు ఉద్యోగానుభవం గడించి ఉంటారు, మొదటిసారి దరఖాస్తు చేసే కళాశాల విద్యార్థి వారి ముందు నిలబడడం ఏటికి ఎదురీదడమే. మా సెక్షన్‌లో కో-ఆప్ దొరికినవారికంటే దొరకనివారే ఎక్కువ. సలహాదారుతో మాట్లాడాలంటే వారాల ముందు సమయం తీసుకోవాలి. కలిసినప్పుడు దొరికేది అందరికీ చెప్పే సాధారణ సలహానే. వేసవిలో కో-ఆప్ దొరకనివారికి ఒక చిన్న ప్రాజెక్టైనా చూపించే ఏర్పాటు ఉంటే బాగుండేది, అది కూడా లేదు. ఇంత ఫీజు తీసుకునే సంస్థ ఈ ఒక్క విషయంలోనైనా విద్యార్థి పక్షాన నిలబడి కంపెనీల తలుపు తట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఫీజు ఎంతో కూడా చెప్పాలి. నేను ఏడాదికి సుమారు 17,000 కెనడియన్ డాలర్లు కట్టాను. నా పక్కన కూర్చున్న స్థానిక విద్యార్థి కట్టింది అందులో ఐదో వంతుకు అటూ ఇటూ. ఒంటారియో ప్రభుత్వం 2019లో స్థానిక విద్యార్థుల ఫీజును పది శాతం తగ్గించి, అక్కడే నిలిపివేసింది. ఆ లోటును కళాశాలలు అంతర్జాతీయ విద్యార్థులతో పూడ్చుకుంటూ వచ్చాయి. 2021 డిసెంబరులో ప్రావిన్స్ ఆడిటర్ జనరల్ ఇచ్చిన నివేదిక ప్రకారం 2020-21లో ప్రభుత్వ కళాశాలల విద్యార్థుల్లో అంతర్జాతీయ విద్యార్థులు 30 శాతం, ఫీజుల రాబడిలో వారి వాటా 68 శాతం, ఆ అంతర్జాతీయ విద్యార్థుల్లో 62 శాతం మంది భారతదేశం నుంచి వచ్చినవారు. ఈ లెక్కలు చూసినప్పుడు నాకు కలిగినది కోపం కాదు, బాధ. ఇంతగా మన కుటుంబాల అప్పుల మీద నిలబడిన వ్యవస్థ, మన పిల్లల కోసం ఒక అదనపు సలహాదారును నియమించడానికి వెనకాడకూడదు.

టైమ్‌టేబుల్ కూడా అంతర్జాతీయ విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని వేసినట్టు అనిపించదు. ఉదయం ఎనిమిదికి ఒక తరగతి, మళ్లీ సాయంత్రం ఆరుకు ఇంకొకటి ఉన్న రోజుల్లో, టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో నలుగురం పంచుకున్న బేస్‌మెంట్ గదికి వెళ్లి రావడానికి సమయం చాలక, మధ్యాహ్నమంతా లైబ్రరీలోనే గడిచేది. ఆ లైబ్రరీ, రాత్రి పొద్దుపోయేవరకు తెరిచి ఉండే ల్యాబ్‌లు మాత్రం ప్రశంసనీయం. జనవరి చలిలో అవే మాకు ఇల్లు. కళాశాల ఈమెయిల్‌తో ప్రోగ్రామర్లకు పనికొచ్చే గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్, జెట్‌బ్రెయిన్స్ సాధనాలు, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అజూర్‌లో 100 డాలర్ల క్రెడిట్ ఉచితంగా వస్తాయి, వాటిని మొదటి వారంలోనే తీసుకోవాలి. పార్ట్‌టైమ్ పని విషయంలో, 2024 ఏప్రిల్ 30 వరకు గంటల పరిమితి సడలించి ఉండేది. ఆ తర్వాత వారానికి 20 గంటలకు తగ్గింది, 2024 నవంబరు 8 నుంచి 24 గంటలైంది. పరిమితి లేని కాలంలో గోదాములో రాత్రి షిఫ్టులు చేసి ఉదయం ల్యాబ్‌లో కునికిపాట్లు పడినవారిని చూశాను. 24 గంటల జీతంతో గది అద్దె, భోజనం గడుస్తాయి; ఫీజు గడవదు. దాన్ని ఇంటి దగ్గరే సమకూర్చుకుని బయలుదేరాలి.

నేను వచ్చేనాటికీ ఇప్పటికీ నిబంధనలు ఎంతగానో మారాయి. నా కాలంలో జీఐసీగా, అంటే జీవన ఖర్చుల కోసం ముందుగా కెనడా బ్యాంకులో వేసే డిపాజిట్‌గా, 10,000 డాలర్లు చూపిస్తే సరిపోయేది. 2024 జనవరి నుంచి ఆ మొత్తం 20,635 అయింది, 2025 సెప్టెంబరు నుంచి 22,895. 2024 జనవరి 22న కెనడా ప్రభుత్వం స్టడీ పర్మిట్లకు పరిమితి విధించాక చాలా కళాశాలల్లో చేరికలు పడిపోయాయి, అనేక కోర్సులను నిలిపివేస్తున్నట్టు ప్రకటనలు వచ్చాయి. మా కళాశాలలోనూ కాంట్రాక్టు మీద పాఠం చెప్పే మంచి అధ్యాపకులు కొందరు చివరి సెమిస్టర్ నాటికి కనబడలేదు. అందువల్ల నేను మెచ్చుకున్న బోధన రేపు చేరేవారికి అదే స్థాయిలో దొరుకుతుందని మాట ఇవ్వలేను. డిపాజిట్ కట్టేముందు కళాశాలకే ఈమెయిల్ రాసి, సెక్షన్‌కు ఎంతమంది, కిందటి ఏడాది కో-ఆప్‌లో చేరినవారిలో ఎంతమందికి ఉద్యోగం దొరికింది, కోర్సు ఏ విద్యారంగానిదో తెలిపే ఆరంకెల సీఐపీ కోడ్ ఏమిటి అని అడగండి. 2024 నవంబరు 1 నుంచి స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసే డిప్లొమా విద్యార్థులకు, ఆ కోడ్ ప్రభుత్వ జాబితాలో ఉంటేనే చదువు తర్వాత వర్క్ పర్మిట్ వస్తుంది. అదే తేదీ నుంచి వర్క్ పర్మిట్ దరఖాస్తుతోపాటు ఇంగ్లిష్ లేదా ఫ్రెంచ్ భాషా పరీక్ష ఫలితం కూడా జతచేయాలి. ప్రవేశం కోసం రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ దీనికి పనికిరాదు. ఇంగ్లిష్‌కైతే ఐఈఎల్‌టీఎస్‌లోనే జనరల్ ట్రైనింగ్ గానీ, సెల్‌పిప్ లేదా పీటీఈ కోర్ గానీ రాయాలి. చివరి సెమిస్టర్‌లో క్యాప్‌స్టోన్ ఒత్తిడి మొదలు కాకముందే, ఫిబ్రవరిలోగా ఆ పరీక్ష ముగించుకోవడం మంచిది.